మా నాన్న మటాడోర్ ఇంటిబండి: ఇంజను మార్చాలా, ఉన్నదాన్నే నిలబెట్టాలా?

బరంపురం అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది బరంపురం. నాన్నగారిది పట్టుచీరల వ్యాపారం. 1987లో కొత్త టెంపో మటాడోర్ వ్యాను కొని, వెనక సీట్లన్నీ తీయించి, వడ్రంగి చేత రెండు మడత మంచాలు, ఒక అల్మరా, స్టవ్ పెట్టుకునే గట్టు చేయించారు. మోటార్‌హోమ్ అనే మాట అప్పట్లో మాకు తెలియదు. ఇంటిబండి అనేవాళ్లం. సింహాచలం, అరసవల్లి, శ్రీముఖలింగం, పూరీ, అన్నీ అందులోనే తిరిగాం. అల్మరా తలుపు లోపలివైపు నాన్న ప్రతి ప్రయాణాన్నీ పెన్సిలుతో రాసేవారు. ఊరు, తేదీ, పోయించిన డీజిల్. చివరి గీత 2019 ఫిబ్రవరిది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మేం పర్లాకిమిడిలో మా అత్తగారింట్లో ఉన్నాం. పైకప్పు రేకులు లేచిపోయాయి. కరెంటు లేదు. వాన తగ్గాక మూడు రాత్రులు ఆడవాళ్లు, పిల్లలు ఈ బండిలోనే పడుకున్నారు. అన్నం కూడా ఆ గట్టు మీదే వండాం.

నాన్న పోయారు. 2022లో ఆర్‌సీ రెన్యువల్ చేయించాం, 2027 దాకా ఉంది. ఆ తర్వాత బండి లాగడం మానేసింది, పొగ కక్కుతోంది. ఇక్కడి మెకానిక్ ఒకాయన ఈ ఇంజను తీసేసి బొలెరో ఇంజను పెట్టి, పవర్ స్టీరింగ్, ఏసీ వేసి, చెక్కంతా పీకి ఫైబర్ చేసిస్తానంటున్నాడు. మా బావమరిది కూడా అదే మాట. నాకు మనసొప్పడం లేదు. అది మమకారమేనా, దానికి లెక్క ఏమైనా ఉందా, తేల్చుకోలేకపోతున్నాను.

గుణుపూర్ బావ:

తమ్ముడూ, మార్చెయ్. మా ఊరి రైలే చూడు. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలంటే మాకు ప్రాణం. 2004లో అది ఆగిపోయినప్పుడు ఏడ్చినవాళ్లున్నారు. 2011కల్లా బ్రాడ్ గేజ్ గుణుపూర్ దాకా వచ్చింది. ఇప్పుడు మా అమ్మ ఆసుపత్రికి రైల్లో వెళ్తోంది. పాత పట్టాలే ఉండాలని పట్టుబడితే ఆవిడ ఎలా వెళ్లేది? నీ పిల్లల్ని ఎక్కించుకుని తప్తపాణి ఘాట్ దిగాలంటే పాత డ్రమ్ బ్రేకుల మీద నమ్మకం పెట్టుకుంటావా? మీ నాన్నగారు బండి కొన్నది తిరగడానికి. షెడ్డులో పెట్టి దండం పెట్టుకోవడానికి కాదు.

వింటేజ్ అన్న:

బావగారూ, ఒక్క మాట. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా ఉంటే వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఈ బండికి 2037లో 50 నిండుతాయి. ఇంకెంత దూరం? ఇప్పుడు ఇంజను మారిస్తే ఆ దారి మూసుకున్నట్టే. నా సలహా, స్క్రూ కూడా మార్చొద్దు. తుడిచి, కవరు కప్పి ఉంచండి.

జైపూర్ షెడ్డు:

నేను కొరాపుట్ జిల్లా జైపూర్‌లో ముప్పై ఏళ్లుగా డీజిల్ పని చేస్తున్నాను. మీ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది, ముందు అన్నగారితో.

వీఏ నంబరు వస్తే ఆ బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, రిపేరు, డీజిల్ పోయించుకోవడం, ఇలాంటి వాటికే రోడ్డెక్కాలి. కుటుంబంతో పూరీ వెళ్లడానికి అది పనికొచ్చే కాగితం కాదు. పైగా పదేళ్లకు పైగా కవరు కింద ఉంచితే మన సముద్రపు గాలికి ఏం మిగులుతుంది? గోపాల్‌పూర్ ఉప్పు గాలి బరంపురం దాకా వస్తుంది. కవరు కింద చెమ్మ నిలిచి రేకు ఇంకా తొందరగా పోతుంది.

ఇక బావగారూ, మీ రైలు పోలిక మంచిదే కానీ ఈ బండికి అతకదు. మటాడోర్ ముందు చక్రాలతో లాగే బండి. జర్మనీ హనోమాగ్ డిజైన్ అది. ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్ట్ లేదు కాబట్టే నేల అంత కిందికి ఉంటుంది, దానివల్లే లోపల మంచాలు, గట్టు కుదిరాయి. బొలెరో ఇంజను వెనక చక్రాలు తిప్పే బండిది. అది పెట్టాలంటే కింద షాఫ్ట్, వెనక యాక్సిల్ అన్నీ కొత్తగా కట్టాలి. నేల లేపాలి. అప్పుడు మీకు మిగిలేది మటాడోర్ మొహం ఒక్కటే.

చట్టం సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. వేరే కంపెనీ ఇంజను పెట్టుకుని 2027లో రెన్యువల్‌కు వెళ్తే ఇన్స్‌పెక్టర్ ముందు ఏం చెబుతారు? యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకు ఏం చూపిస్తారు?

అసలు ఈ ఇంజను పోయిందని ఎవరు తేల్చారు? మీ బండిలో ఉన్నది మెర్సిడెస్ ఓఎం 616 రకం అయి ఉండాలి, 2.4 లీటర్లది. 240డి కార్లలో వాడిన ఇంజనే. తర్వాత మటాడోర్ కంపెనీవాళ్ల ట్రాక్స్ బండ్లకూ ఇదే వేశారు. అందుకే సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. ముందు పొగ రంగు చూడండి. పొద్దున్నే తెల్లగా వచ్చి వేడెక్కాక తగ్గితే తప్పు హీటర్ ప్లగ్గులది, స్టార్టింగులో ఇంజనును వెచ్చబెట్టేవి అవే. నల్లగా ఉంటే నాజిల్స్, పంపు, ఎయిర్ ఫిల్టర్. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, రింగుల దాకా వెళ్లాలి. కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లలోనూ ఒత్తిడి కొలవకుండా ఇంజను తీసేద్దామనేవాడికి బండి ఇవ్వకండి. నాకు భయం ఇంజను గురించి కాదు, గేర్ బాక్సు గురించి. అది మటాడోర్‌కే ప్రత్యేకం. దొరికినచోట ఒకటి కొని పక్కన పెట్టుకోండి.

బ్రేకుల విషయంలో బావగారి భయం నిజం. దానికి మందు ఇంజను మార్చడం కాదు. వీల్ సిలిండర్లు, హోస్ పైపులు, లైనర్లు అన్నీ కొత్తవి వేయించండి. బ్రేక్ ఆయిల్ గాల్లోని నీటిని పీల్చుకుంటుంది, ఇన్నేళ్లు నిలిచిన ఆయిల్ ఒక్క బొట్టు కూడా ఉంచకండి. వైరింగ్ కూడా మొత్తం కొత్తదే. ఇవి ఒరిజినల్‌గా ఉంచాలనుకోవడం తప్పు, వాటి వెనక ప్రాణాలున్నాయి.

గుణుపూర్ బావ:

షాఫ్ట్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ చెక్క? నలభై ఏళ్ల చెక్కకు పురుగు, చెమ్మ. ఫైబర్ అయితే తుడిస్తే పోతుంది, బరువూ తక్కువ. అక్కడ మాత్రం నా మాట మారదు.

బరంపురం అబ్బాయి:

జైపూర్ అన్నగారూ, చేతులెత్తి దండం. ఈరోజు పొద్దున షెడ్డుకు వెళ్లాను. పొగ తెల్లగా వచ్చింది, పావుగంటకు దాదాపు ఆగిపోయింది. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో కింద అంచు పొడుగునా తట్టుకుంటూ వెళ్లాను. మంచి రేకు ఖంగుమంది. స్లైడింగ్ డోర్ కింద, వెనక చక్రం పైన మాత్రం మట్టికుండ మీద కొట్టినట్టు మూగగా పలికింది. అయస్కాంతం పెడితే అక్కడ అతుక్కోలేదు. పదిహేనేళ్ల కిందట ఒక షెడ్డులో టింకరింగ్ చేయించాం. తుప్పు కోయకుండా దాని మీదే పుట్టీ పూసి రంగేశారని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు నాన్న ఎంత సంతోషంగా బిల్లు కట్టారో గుర్తొచ్చి బాధేసింది.

జైపూర్ షెడ్డు:

బాధపడకండి, రెండు చోట్లే అంటున్నారు కదా. పుట్టీ అంతా గీకించి, తుప్పు పట్టిన ముక్క మంచి రేకు కనిపించేదాకా కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. ఎపాక్సీ ప్రైమర్ లోపలివైపు కూడా వేయాలి. బయట మెరిస్తే చాలనుకుంటే మళ్లీ అదే కథ.

చెక్క గురించి బావగారికి: టేకయితే పీకనక్కర్లేదు. నేల ప్లైవుడ్ మాత్రం ఉబ్బి ఉంటుంది, నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లై వేయండి. స్టవ్ దగ్గర గ్యాస్ సిలిండర్ పెట్టే ఆలోచన ఉంటే దాన్ని విడి పెట్టెలో పెట్టి, పెట్టె అడుగున బయటికి కన్నం వదలండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే నిలుస్తుంది. మంచాలు ఉన్నది కూడా ఆ నేల మీదే.

బరంపురం అబ్బాయి:

టేకే అన్నా. నాన్న పర్లాకిమిడి నుంచి తెప్పించారు. ఇంజను అలాగే ఉంచుతున్నాను. హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్ పరీక్ష వచ్చే వారం. బ్రేకులు, వైరింగ్, నేల కొత్తవి. అల్మరా తలుపు విప్పి ఇంట్లోకి తెచ్చుకున్నాను, షెడ్డులో పాలిష్ పేరుతో ఎవరైనా ఇసుక కాగితం రుద్దేస్తారేమోనని. ఆఖరి గీత కింద ఇంకా జానెడు చోటుంది.

బావగారూ, ఘాట్ దిగేటప్పుడు మీరూ రండి, బ్రేకులు మీరే చూద్దురుగాని. రాయగడ, విజయనగరం వైపు ఎవరి దగ్గరైనా మటాడోర్ గేర్ బాక్సు ఉంటే ఇక్కడే చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.