అప్‌డేట్: బీపీఎడ్ (వ్యాయామ ఉపాధ్యాయ కోర్సు) గురించి అడిగింది నేనే

"బీకాం చదివినవాణ్ణి, వ్యాయామ రంగంలోకి వెళ్లవచ్చా?" అని తిరుపతి నుంచి కిందటి ఏడాది అడిగాను. ఫిజియోథెరపీకి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి, నాది సీఈసీ. ఆ దారి మూసుకుపోయింది. మీలో ఒకరు చెప్పినట్టే బీపీఎడ్ ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాశాను. రాశాను అనడం తప్పు, పరుగెత్తాను! అందులో 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్ లాంటి దేహదారుఢ్య పరీక్షలుంటాయి. అలిపిరి మెట్లకు అలవాటుపడ్డ కాళ్లు పరుగులో ఆదుకున్నాయి గానీ, ఇనుపగుండు మాత్రం దాదాపు నా ముందే పడింది. అయినా రెండేళ్ల బీపీఎడ్‌లో సీటు వచ్చింది.

"డీఎస్సీ ఎప్పుడు పడుతుందో, పీఈటీ ఎప్పుడవుతావో" అని నాన్న గొణుగుతూనే ఉన్నారు. ఆయన భయంలో న్యాయముంది. అందుకే ఇక్కడి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో యోగా కోర్సుల గురించీ కనుక్కుంటున్నాను. శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకం తెరిచాక మాత్రం అకౌంట్సే నయమనిపించింది.