పటాకుల మందుకు రసాయనం ఇంట్లో చేస్కోవాల్నా, కొనాల్నా?

ప్రశ్న (నల్లగొండ): బత్తాయి తోటకు తెచ్చిన 13-0-45 సంచి మిగిలింది. అది పొటాషియం నైట్రేటేనట. క్లోరేట్ (పటాకుల మందుల వాడే ఇంకో రసాయనం) కూడా ఇంట్లనే చేస్తే దీపావళికి ఖర్చు తగ్గుతదా?

జవాబు 1: ఇంట్ల చేసుడూ వద్దు, కొనుడూ వద్దు అన్నా. ఇంట్ల చేసిన క్లోరేట్‌ల ఏ మలినం మిగిలిందో కంటికి తెల్వదు. గంధకంల ఉండే కొద్ది ఆమ్లం తగిలినా, ఒక్క రాపిడికే అంటుకుంటది. అందుకే ఆ రెండింటి మిశ్రమాన్ని మన దేశంల 1992లనే నిషేధించిన్రు. కొనుక్కొచ్చినా సంగతి మారదు. లైసెన్సు లేకుండ పటాకుల మందు కలపడమే నేరం.

జవాబు 2 (దేవరకొండ): ఆ సంచి తోటకే వాడు. గడ్డకట్టిందా? గడ్డపారతో కొట్టకు, ప్లాస్టిక్ బకెట్ నీళ్లల్ల వేయి. కరుగుతుంటే బకెట్ చల్లబడతది, అది మామూలే. పిచికారీకైతే లీటరుకు 10 గ్రాములు.

దాచేటప్పుడు తెగుళ్లకు కొట్టే గంధకం పొడి, డీజిల్, రంపపు పొట్టు పక్కన పెట్టొద్దు. ఈ ఎరువు కరిగిన నీళ్లు ఒలికి, వాటిని పీల్చిన గోనెసంచి ఎండినంక వత్తి లెక్క మండుతది, వెంటనే బాగా కడుగు. మంట లేస్తే ఇసుకతో ఆగదు, మంటకు కావాల్సిన ఆక్సిజన్ ఈ ఎరువే ఇస్తది. దూరంకెల్లి నీళ్లు దండిగ కొట్టాలె.

జవాబు 3: పటాకులు లైసెన్సున్న దుకాణంలనే కొను. తాత్కాలిక షెడ్ల మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలె, ఎదురెదురుగ ఉండొద్దు. గ్రీన్ పటాకుల డబ్బా మీద క్యూఆర్ కోడ్ చూస్కో.