కాంటెంపరరీ డాన్స్‌లో తాళం తప్పడం కావాలనేనా?

నిన్న డాన్స్ ఫెస్టివల్‌లో మూడు కొత్త నృత్యాలు చూశాను. రెండోదానిలో ఒకమ్మాయి పది నిమిషాలపాటు గోడకు వీపు ఆనించి మెల్లగా కిందికి జారుతూనే ఉంది. స్పీకర్లలో మాత్రం దడదడా డప్పులు! చిన్నప్పటి నుంచి తాళం వేసుకుంటూ నేర్చుకున్నదాన్ని, నాకు ఒకటే టెన్షన్. ఇది కావాలనే చేస్తారా, రిహార్సల్ చాలలేదా?

జవాబు: కావాలనే అయ్యుంటుందండీ. అమెరికన్ నృత్య దర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్, సంగీతకర్త జాన్ కేజ్ దశాబ్దాల కిందటే ఇలా చేశారు. ఒకరు నృత్యం, ఒకరు సంగీతం విడివిడిగా తయారుచేసి వేదిక మీదే కలిపేవారు. చాలాసార్లు డాన్సర్లు ఆ సంగీతం వినడం అదే మొదటిసారి. రిహార్సల్‌లో వాళ్లకు ఆధారం స్టాప్‌వాచ్.

మరో జవాబు: నేను స్టేజీ లైట్ల పని చూసుకునేవాడిని. ఫెస్టివల్‌లో ఒక్కో బృందానికి స్టేజీ దొరికేది కాసేపే. కొత్త పని మొదటి రోజు తడబడుతుంది కూడా. రెండూ నిజమే కావచ్చు.

అడిగినావిడ: ఇవాళ మళ్లీ వెళ్లాను. డప్పులు పట్టించుకోకుండా ఆమె కుడి మడమే చూస్తూ కూర్చున్నా. వీపు జారే ముందు ప్రతిసారీ అది అంగుళం ముందుకు కదులుతోంది! తాళం అక్కడుంది. మూడోది మాత్రం ఇవాళ కూడా బోరే.