విశాఖ ఎదిగితే ఉత్తరాంధ్ర ఎదిగినట్టేనా?

వంశధార తీరం (చర్చ ప్రారంభం):

కొన్ని నగరాలను చుట్టుపక్కల జిల్లాలతో కలిపి ఆర్థికాభివృద్ధి కేంద్రాలుగా తీర్చిదిద్దాలని నీతి ఆయోగ్ 2023లో తలపెట్టి, తొలి విడతలో ముంబయి, సూరత్, వారణాసిలతో పాటు విశాఖపట్నాన్ని ఎంచుకుంది. అప్పటి నుంచి శ్రీకాకుళం మొదలు గోదావరి జిల్లాల దాకా ఉన్న ప్రాంతాన్ని విశాఖ ఆర్థిక ప్రాంతమన్న ఒకే పేరు కింద చూస్తున్నారు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి విశాఖలో డేటా కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించాక, ఈ ప్రాంతానికి ఇక తిరుగు లేదన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. నాకూ సంతోషమే. అయితే పెట్టుబడి అంతా ఒక్క నగరం చుట్టూ చేరితే, దాని ఫలం ఎక్కడో ఉన్న టెక్కలికి, కొండల్లో ఉన్న సీతంపేటకు ఎలా చేరుతుందో నాకు బోధపడటం లేదు.

గోదావరి జిల్లాలకు కాలువలున్నాయి, వాటి సంగతి వేరు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు, విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల వరకే మాట్లాడుకుందాం. ఈ ఆరింటిలో సరుకుకు కొదవ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి ఉన్నాయి. గరివిడి, చీపురుపల్లి పట్టున మాంగనీసు ఖనిజం ఉంది. అనకాపల్లిలో దేశంలోనే పేరుమోసిన బెల్లం మార్కెట్టు ఉంది. పాడేరు, అరకు కొండల మీద కాఫీ, మిరియాలు పండుతున్నాయి. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి సన్నని నూలు వడికే చేతులు పొందూరులో ఇంకా ఉన్నాయి. ఆ సరుకు మీద మిగిలే లాభం మాత్రం ఊళ్లో నిలవదు. మా శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 190 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నా, మా మత్స్యకారులు చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోతున్నారు. 2018 నవంబరులో అక్కడి సముద్రంలో పాకిస్థాన్‌కు చిక్కిన మనవాళ్లు 2020 జనవరికి గాని ఇల్లు చేరలేదు. తీరం ఉండి కూడా బతుకుతెరువు కోసం ఇంకొకరి తీరానికి వెళ్లవలసి రావడం కన్నా బాధాకరమైనది మరొకటి లేదని నేననుకుంటాను.

కాబట్టి రాబోయే పదేళ్లలో ప్రభుత్వం ఖర్చు చేసే ప్రతి రూపాయిలో పెద్ద వాటా విశాఖకు బయటి జిల్లాల గిడ్డంగులకు, సాగునీటికి, చేపల రేవులకు పోవాలని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో చెప్పగలరు.

డాల్ఫిన్ నోస్:

వంశధార తీరం గారూ, మీ ఆవేదన నిజమైనదే గాని, దాని నుంచి మీరు తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించలేను. విశాఖ ఎవరో దయ తలచి పెంచిన ఊరు కాదు. కొండ అడ్డుగా నిలిచిన సహజమైన రేవు ఉన్నందుకు 1933లో ఇక్కడ ఓడరేవు వచ్చింది. రేవు ఉన్నందుకు 1941లో వాల్‌చంద్ హీరాచంద్ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, ఆ తరువాత ఉక్కు వచ్చింది. ఒకదాని వెనుక ఒకటి వచ్చిన ఈ కర్మాగారాల పనుల కోసమే గాజువాక, ఆటోనగర్‌లలో లేతు మిషన్ల మీద పనిచేసే వందలాది చిన్న యూనిట్లు పుట్టాయి. వాటిలో పనిచేసేవారిని ఏ ఊరు మీదని అడిగి చూడండి. ఆమదాలవలస, పాలకొండ, బొబ్బిలి, రాజాం అనే చెబుతారు.

డబ్బును జిల్లాకు ఇంతని పంచి పెట్టే పద్ధతిని కూడా మనం చూశాం. రాష్ట్ర విభజన తరువాత రాయలసీమలో నాలుగు, ఉత్తరాంధ్రలో మూడు కలిపి ఏడు వెనుకబడిన జిల్లాలకు కేంద్రం ఏడాదికి జిల్లాకు 50 కోట్ల రూపాయల చొప్పున మూడేళ్లు ఇచ్చింది. ఆ మూడేళ్లకు 1,050 కోట్లు. ఆ సొమ్ముతో వచ్చిన ఒక్క పరిశ్రమను చూపించమంటే నేను చూపించలేను. పదిచోట్ల పది గునపాలు వేస్తే ఎక్కడా నీళ్లు పడవు. పెట్టుబడి పెట్టేవాడికి ఓడ, విమానం, నిలకడైన కరెంటు, చదువుకున్న పిల్లలు ఒకే చోట కావాలి. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయంతో సహా అవన్నీ కలిసి ఉన్న చోటు ఈ ఆరు జిల్లాల్లో ఒక్కటే.

పలాస పిక్క:

గునపాల పోలిక చదివాక నేను రాయక తప్పడం లేదు. మాకు ఉద్దానంలో జీడితోట ఉంది. మా ఇంట్లో ఇద్దరు పలాస యూనిట్లలో పనిచేశారు. కాబట్టి రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నాను.

వేసవిలో జీడిపిక్క రాలుతుంది. మా దగ్గర ధర కిలోకు చెప్పరు, 80 కిలోల బస్తాకు చెబుతారు. సంక్రాంతికి పెట్టుబడికో, ఇంట్లో శుభకార్యానికో ఒక వ్యాపారి దగ్గర మా నాన్నగారు బయానా తీసుకునేవారు. కాబట్టి పంట చేతికి రాగానే ఆ వ్యాపారి చెప్పిన ధరకే బస్తాలు తూచి ఇవ్వవలసి వచ్చేది. శ్రావణ మాసం నాటికి ధర పెరుగుతుందని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పటిదాకా నిల్వ ఉంచుదామంటే పెంకుటింట్లో వానాకాలపు చెమ్మకు పిక్క నల్లబడి పప్పు పాడైపోతుంది. ఊరి దగ్గర పొడిగా ఉండే ఒక గిడ్డంగి ఉండి, అందులో పెట్టిన బస్తాల రసీదు మీద బ్యాంకు అప్పు ఇచ్చి ఉంటే, మా నాన్నగారు ఆ వ్యాపారి ముందు చేతులు కట్టుకుని నిలబడవలసిన పని ఉండేది కాదు. ఇందుకు కావలసింది వేల కోట్లు కాదు.

ఇక యూనిట్ల సంగతి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు తయారీ కేంద్రాలు వందల సంఖ్యలో ఉన్నాయి. పిక్కలను ఆవిరి మీద ఉడికించి, ఆరాక ఒక్కొక్కటిగా కత్తెర మిషను కింద పెట్టి పగలగొట్టి, వేడి గదిలో ఎండబెట్టి, పైపొర ఒలిచి, విరగని గుండును గుండుగా, చీలిన బద్దను బద్దగా వేరు చేస్తారు. పైచెక్కలోని జీడి రసం చేతికి అంటితే చర్మం ఊడిపోతుంది కాబట్టి ఆడవాళ్లు బూడిద, ఆముదం రాసుకుని కూర్చుంటారు. 80 కిలోల పిక్క నుంచి వచ్చే పప్పు సుమారు పావు వంతే. పౌనుకు (సుమారు 450 గ్రాములకు) 240 గుండ్లు తూగే పెద్ద పప్పుకు ఒక ధర, 320 తూగే దానికి అంతకన్నా తక్కువ ధర, విరిగిన ముక్కకు మరీ తక్కువ. అంటే లాభమంతా గుండు విరగకుండా తీసే ఆ ఆడవాళ్ల వేళ్లలోనే ఉంది. డాల్ఫిన్ నోస్ గారు చెప్పిన చదువుకున్న పిల్లల్లాగే ఇది కూడా నైపుణ్యమే. దీన్ని ఈ ప్రాంతపు వనరుల పట్టికలో రాసినవారిని నేనింకా చూడలేదు.

ఒక విషయంలో మాత్రం ఆయన మాట ఒప్పుకుంటాను. స్థానికంగా పండే పిక్క మా యూనిట్లకు ఏడాది పొడవునా చాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తోటలను కూలగొట్టిన తరువాత కొరత ఇంకా పెరిగింది. ఆఫ్రికా దేశాల పిక్క ఓడలో రావలసిందే. రేవు లేని పలాస లేదు.

గోగునార:

పై ముగ్గురి రాతల్లోనూ ఒక అంశం రాలేదు. బయటి జిల్లాలకు పరిశ్రమలు రాకపోవడం కాదు, వచ్చినవి పోవడమే అసలు కథ. విజయనగరం చుట్టుపక్కల ఒకప్పుడు జనపనార మిల్లుల కూత వినే ఊళ్లు నిద్ర లేచేవి. భీమిలి దగ్గరి చిట్టివలస మిల్లు 2009లో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. ఆహార ధాన్యాలకు, చక్కెరకు గోనె సంచులు వాడాలన్న 1987 నాటి చట్టం ఉన్నా, ప్లాస్టిక్ సంచి బజారును ఆక్రమించింది. ఇటు రైతు కూడా మిల్లుకు నార ఇచ్చే గోగు వేయడం మానేశాడు. కోసిన కట్టలను చెరువులో ఊరవేసి, కంపు కొట్టే నీళ్లలో మొలలోతున నిలబడి నార ఒలిచే పనికి ఈ రోజుల్లో మనిషి దొరకడు. ఆ పొలాల్లో మొక్కజొన్న, జామాయిల్, సరుగుడు వచ్చాయి. నార బయటి రాష్ట్రాల నుంచి తెచ్చుకోవలసి వచ్చాక మిల్లు ఇక్కడే ఉండాలన్న కారణం పోయింది.

చక్కెరదీ అదే దారి. తుమ్మపాల, భీమసింగి సహకార కర్మాగారాలు మూతపడ్డాయి. దేశంలోని పాత చెరకు పరిశోధన కేంద్రాల్లో ఒకటి అనకాపల్లిలోనే ఉన్నా, దాని చుట్టుపక్కల చెరకు విస్తీర్ణం తగ్గుతూ వస్తోంది. మాంగనీసును ఇనుముతో కలిపి కరిగించే ఫెర్రో అల్లాయ్స్ కొలిమికి ఖనిజం కన్నా కరెంటుదే పెద్ద ఖర్చు కాబట్టి, చార్జీలు పెరిగినప్పుడల్లా కొలిమి ఆర్పుకోవడం ఆ పరిశ్రమకు అలవాటైపోయింది. కాబట్టి వంశధార తీరం గారు కోరినట్టు డబ్బు బయటి జిల్లాలకు పంపినా, ముడిసరుకు, కరెంటు ధర, కొనే బజారు అన్న మూడింటిని కలిపి చూడకపోతే మరో చిట్టివలసను కట్టుకున్నట్టే అవుతుంది.

కొండకర్ల ఆవ:

నేను అచ్యుతాపురం మండలంలో పుట్టి, ఆరేళ్లు దుస్తుల కర్మాగారంలో కుట్టుపని చేసినదాన్ని. బ్రాండిక్స్ దుస్తుల పార్కు వచ్చాక మా చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడం మొదలుపెట్టారు. దీనికి కారణం ఏమిటని నన్నడిగితే, పొద్దున్న ఐదింటికి ఊరి రావిచెట్టు దగ్గరికి వచ్చి ఆగిన బస్సు అని చెబుతాను. బస్సు రాకపోతే మా అత్తగారు నన్ను పంపేవారు కాదు, నేను అనకాపల్లిలో గది అద్దెకు తీసుకునేదాన్నీ కాదు. ఆ జీతంతో మా చెల్లెలు డిగ్రీ చదివింది. విశాఖా, పల్లా అని మీరు వాదించుకుంటున్నారు గాని, ఆ రెండింటి మధ్య గంటన్నరలో తిరిగి రాగలిగే దారి ఉన్న చోటల్లా పల్లె నిలబడింది, లేని చోట ఇల్లు తాళం వేసి అందరూ వెళ్లిపోయారు.

అయితే మాకు ఇంకో బాధ కూడా ఉంది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో విషవాయువుకు 12 మంది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో పేలుడుకు 17 మంది చనిపోయారు. పేలుడు జరిగిన సాయంత్రం మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పరిశ్రమలను లెక్కపెట్టేవారు తనిఖీ అధికారులను కూడా లెక్కపెట్టాలి. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి, నిర్వాసితులకు ఇచ్చే ఆర్ కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లైన వారు మా బంధువుల్లోనే ఉన్నారు. అందుకే కొత్తగా భూమి అడిగిన ప్రతిసారీ మా ఊళ్లలో ముందు భయం పుడుతుంది, ఆశ ఆ తరువాత వస్తుంది.

డాల్ఫిన్ నోస్:

కొండకర్ల ఆవ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బస్సు గురించి మీరు చెప్పింది నా వాదనలో లేని ముక్క. భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు పనులు సాగుతున్నాయి కాబట్టి పెట్టుబడి ఉత్తరానికి తనంతట తానే జరుగుతుందని నేను రాయబోయాను. కాని రేవు కట్టినంత మాత్రాన సంతబొమ్మాళి పిల్లలకు అందులో ఉద్యోగం రాదు. క్రేను నడపడం, సరుకు పత్రాలు చూడటం, శీతల గిడ్డంగి నిర్వహించడం ఇప్పటి నుంచే టెక్కలి ఐటీఐలో నేర్పకపోతే, ఆ పనులకు మళ్లీ విశాఖ నుంచే మనుషులు వెళతారు. డేటా కేంద్రం విషయంలోనూ అంతే. కట్టేటప్పుడు ఎందరికో పని ఉంటుంది గాని, కట్టాక లోపల పనిచేసేవారు తక్కువ. అది తాగే కరెంటును, నీటిని బట్టి చూస్తే ఈ ప్రాంతానికి అది ఇవ్వవలసింది ఉద్యోగాల కన్నా పన్నుల రూపంలోనే ఎక్కువ. ఆ పన్నులో కొంత ఆరు జిల్లాలకు వస్తుందా అన్నది అడగవలసిన ప్రశ్నే. ముందు నగరం నిలవాలన్న నా మాట మాత్రం మారలేదు.

వంశధార తీరం:

అందరికీ కృతజ్ఞతలు. నేను మొదట రాసిన దానిలో ఒకటి దిద్దుకుంటున్నాను. బయటి జిల్లాలకు డబ్బు పోవాలని మాత్రమే అన్నాను, గోగునార గారు చెప్పినట్టు అది చాలదు. కొండల మీద కాఫీ నాకు ఈ సందర్భంలో గుర్తుకు వస్తోంది. పోడు కొట్టిన వాలుల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ వేయించి, ఇవాళ లక్ష ఎకరాలకు పైగా తోటలు నిలిపారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సీజనుకు ముందే కొనుగోలు ధర ప్రకటిస్తుంది కాబట్టి, సంతలో దళారి అంతకన్నా తగ్గించి అడగడానికి వెనకాడతాడు. మన్యంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టం ఉన్నందున భూమి గిరిజనుల చేతుల్లోనే ఉంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎన్నో లోపాలున్నా, పంట, ధర, భూమి, పేరు అన్న నాలుగూ ఒకే చోట నిలబడ్డ ఉదాహరణ మన ఆరు జిల్లాల్లో అదే. అది విశాఖకు వంద కిలోమీటర్ల దూరంలో, పెద్ద కర్మాగారం ఏదీ లేకుండా జరిగింది.

ఆ నాలుగింటిలో ఉద్దానం జీడికి భూమి ఉంది, పేరు ఉంది. ముందే ప్రకటించిన ధర లేదు, రసీదు ఇచ్చే గిడ్డంగి లేదు. దీనికి తోడు అక్కడి కిడ్నీ వ్యాధి కూలీల ఆరోగ్యాన్ని తింటోంది. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరులో మొదలైంది గాని, ఆ నీరు చివరి ఇంటి కుళాయి దాకా రోజూ వస్తోందా లేదా అన్నది కూడా నా దృష్టిలో ఆర్థిక ప్రశ్నే. జబ్బుపడిన చేతులు గుండు విరగకుండా పప్పు తీయలేవు.

పలాస పిక్క గారూ, మీ ఊరి దగ్గర గిడ్డంగి కట్టడానికి పంచాయతీ స్థలం ఎక్కడైనా ఉందా? మూలపేట రేవుకు వెళ్లే రోడ్డు పక్కన ఉంటే ఇంకా మంచిది. వచ్చే వేసవిలో పిక్క రాలక ముందే మండలంలోని రైతులంతా సంతకాలు చేసిన అర్జీ కలెక్టరు గారికి ఇవ్వవచ్చు. రాసిపెట్టే పని నేను చేస్తాను.

పలాస పిక్క:

ఉందండి. బడి వెనుక ఎకరం పైచిలుకు మెరక నేల ఉంది, వానాకాలంలో కూడా అక్కడ నీరు నిలవదు. ఆదివారం వెళ్లి కొలత తీసుకుని, ఫొటోలు ఇక్కడే పెడతాను.