ఒంటికాలు గోరింక, పుట్టుకతోనే అలా ఉంటాయా?

బ్రాడీపేట_బాల్కనీ:
మాది గుంటూరు, మూడో ఫ్లోర్. నెల రోజుల్నుంచి పొద్దున్నే ఒక గోరింక గ్రిల్ మీద వాలుతుంది, మెతుకులు పెడితే తింటుంది, ఎడమ కాలు మోకాలు కిందనుంచి లేదు, చిన్న మొండి ఉందంతే. వాలేటప్పుడు రెండు మూడు సార్లు రెక్కలు టపటపలాడించి నిలదొక్కుకుంటుంది పాపం. మా అమ్మేమో గ్రహణం మొర్రి లాగా గుడ్డులోనే అలా అయ్యుంటది అంటుంది. నిజమేనా?

కాలవగట్టు_బెజవాడ:
అలా పుట్టేవి ఉంటాయండి, కానీ మన బాల్కనీ దాకా బతికి రావడం అరుదు. గూట్లో మిగతా పిల్లల్ని తోసుకుని నోరు తెరవాలి, ఆ తర్వాత కొమ్మ పట్టుకోవడం నేర్చుకోవాలి, ఆ లోపే పోతాయి చాలావరకు. నాకైతే దారం మీదే అనుమానం. మాంజా గానీ ఆడవాళ్ల తలవెంట్రుక గానీ చుట్టుకుందంటే నడిచేకొద్దీ బిగుసుకుని రక్తం ఆగిపోయి, నల్లగా ఎండి రాలిపోద్ది. పారిస్ పావురాల మీద 2019లో ఒక స్టడీ వచ్చింది, హెయిర్ సెలూన్లు ఎక్కువున్న వీధుల్లో వేళ్లు పోయినవి ఎక్కువంట! మొండి చివర ఎలా ఉందో చూడండి. అన్నట్టు మీరు మోకాలు అంటున్నది దాని మడమ, అసలు మోకాలు ఈకల్లో దాక్కుని ఉంటది.

బ్రాడీపేట_బాల్కనీ:
ఫోన్‌లో జూమ్ చేశా. చివర నల్లగా గట్టిపడింది, దాని పైన చుట్టూ నొక్కినట్టు సన్న గీత ఉంది.

కోళ్లఫారం_అన్న:
ఆ గీత దారందే తమ్ముడూ, డౌట్ లేదు. గుడ్డులో తేడా రావాలంటే తల్లి తిండిలోనో నీళ్లలోనో ఏదో ఉండాలి, లేదా జన్యువుల్లో. కాలిఫోర్నియాలో కెస్టర్సన్ అని ఒక రిజర్వాయర్, 1983లో అక్కడ పొలాల మురుగునీళ్లలోంచి సెలీనియం చేరి నీటిపక్షుల గుడ్లలో కళ్లు లేనివి, కాళ్లు లేనివి కనిపించాయి, చాలావరకు గుడ్డులోనే చచ్చిపోయాయి. మా కోడిపిల్లలకి కాళ్లు పక్కకి జారిపోతే కూడా జనం పుట్టుకే అంటారు, సగం సార్లు కింద జారే పేపర్ వేయడం వల్లే.

కాలవగట్టు_బెజవాడ:
పట్టుకుని పెంచే ఆలోచన మాత్రం వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఒంటికాలి మీదే బరువంతా పడితే అరికాలు పుండు పడుద్ది, సన్న ఇనుప కడ్డీ కన్నా గరుకు కొమ్మ నయం.

బ్రాడీపేట_బాల్కనీ:
వేపకొమ్మ కట్టానండి. గోరింక ఇంకా గ్రిల్ మీదే వాలుతుంది, కొమ్మ మీద కాకి సెటిలైంది.