‘వాళ్ళకెంత సరదాగా ఉండేదో!’: ఒక పాఠం చివరి మాట గురించి

తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్ వాచకం ‘బీహైవ్’లో ఏళ్ల తరబడి మొదటి పాఠంగా ఉన్న కథ ‘ది ఫన్ దే హ్యాడ్’. ఐజాక్ అసిమోవ్ 1951లో రాశారు. మా అమ్మాయి సిలబస్‌లో ఉంది కదా అని మొదలుపెట్టింది. రెండోసారి మాత్రం తనంతట తనే చదివింది. వాళ్ళ నానమ్మకి తెలుగులో చెప్పబోయి పేరు దగ్గరే ఆగిపోయింది. ‘వాళ్ళు పొందిన వినోదం’ అంటే పిల్లల మాటలా లేదు. కథ చివరి మాట కూడా అదే కాబట్టి ఎలాగోలా సరిపెట్టేయడం నాకిష్టం లేదు. మీరైతే ఏమంటారు?

జవాబు:
చాలా మంచి కథ అడిగారండీ. నేను క్లాసులో చెప్పిన ప్రతిసారీ పిల్లలు మొదట మార్గీ మీద అసూయపడతారు. మార్గీ అంటే ఈ కథలో, ఎప్పుడో రాబోయే కాలంలో బతికే చిన్నపిల్ల. బడికి వెళ్ళక్కర్లేదు, పడకగది పక్కనే తరగతి గది, పాఠం చెప్పేది యంత్రం. ఆ యంత్రంలో జాగ్రఫీ భాగం మరీ వేగంగా నడిచి మార్గీకి పరీక్షల్లో మార్కులు తగ్గిపోతుంటే, ఇన్‌స్పెక్టర్ వచ్చి దాన్ని పదేళ్ళ పిల్లల స్థాయికి తగ్గించి వెళ్తాడు. అక్కడ నవ్వుతారు. మార్గీ స్నేహితుడు టామీకి అటకమీద దొరికిన, పాతకాలపు బడుల గురించిన పుస్తకం దగ్గరికి వచ్చేసరికి గొడవ సద్దుమణుగుతుంది. ఊళ్ళో పిల్లలందరూ ఒకే చోట చేరడం, కలిసి ఇంటికెళ్ళడం, హోంవర్క్‌లో ఒకరికొకరు సాయం చేసుకోవడం మార్గీకి వింత. చదివేవాళ్ళకి అది రోజూ జరిగేదే! 2020లో ఇదే పాఠం ఫోన్‌లో విన్న పిల్లలకైతే విడమరచి చెప్పాల్సిన పనే లేకపోయింది.

మాట విషయానికొస్తే, మార్గీ ఆ బడిని చూడలేదు, ఊహించుకుంటోంది. కాబట్టి ‘ఎంత సరదాగా గడిపి ఉంటారో’ అంటే నప్పుతుంది.

మరో జవాబు:
మాస్టారూ, నా ఓటు ‘వాళ్ళకెంత సరదాగా ఉండేదో!’కే. ‘గడిపి ఉంటారో’లో ఊహ ఒక్కటే ఉంది. ‘ఉండేదో’ని మనం ఎరగని కాలానికీ వాడతాం, స్వయంగా అనుభవించినదానికీ వాడతాం. ‘మా ఊరి తిరునాళ్ళు ఎంత బాగుండేవో!’ అనేవాళ్ళు అవి చూసినవాళ్ళే కదా. ఈ కథలో మార్గీకి అది ఊహ, చదివే పిల్లకి సొంత బడి. ఇద్దరికీ సరిపోయే క్రియ మనకి సిద్ధంగా ఉన్నప్పుడు వదులుకోవడం ఎందుకు? ఇక ‘వినోదం’ వద్దు. ఆ మాట వింటే సినిమాలూ టీవీ గుర్తొస్తాయి, బడి ఆవరణలో కేకలు గుర్తురావు.

మొదట అడిగినవారు:
‘ఉండేదో’ అనగానే మా అమ్మాయి ఒప్పేసుకుందండీ. వాళ్ళ నానమ్మ మధ్యలోనే ఆపి ‘ఆ యంత్రాన్ని గారు అనాలా?’ అని అడిగిందట. ఈ పిల్ల ‘అది చెప్తుంది’ అని యంత్రానికీ, ‘వాళ్ళు చెప్పేవారు’ అని పాతకాలపు టీచర్లకీ వాడుకుంటూ పోయింది. ఎవరు మనుషులో విడిగా చెప్పే అవసరం రాలేదు.

ఇంకొక్క సాయం. ‘మెకానికల్ టీచర్’ని ‘మర పంతులు’ అనొచ్చా? ‘మరమనిషి’ వాడుకలో ఉంది కాబట్టి అర్థమవుతుందనే అనుకుంటున్నాను. ‘యాంత్రిక ఉపాధ్యాయుడు’ అంటే మాత్రం మా అమ్మాయి ససేమిరా అంటోంది.