రోజూ ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లడం అయ్యే పనేనా?

కేపీహెచ్‌బీ కుర్రాడు:
జేఎన్‌టీయూ దగ్గర ఉంటాను, ఆఫీసు సైబర్ టవర్స్ పక్కన, మహా అయితే 6 కిలోమీటర్లు. పొద్దున 9కి బండి తీస్తే సగం టైమ్ క్లచ్ పట్టుకోడానికే సరిపోతోంది. గేర్ సైకిల్ కొందామని ఉంది గానీ ఇంట్లో "ఇంత జీతం తెచ్చుకుంటూ సైకిలా" అంటున్నారు, పైగా చెమటొకటి. రోజూ తొక్కేవాళ్లు ఎవరైనా చెప్పండి.

మియాపూర్ పెడల్:
నాలుగేళ్లుగా తొక్కుతున్నా తమ్ముడూ. 9కి కాదు, 7:30కి బయల్దేరు, రోడ్డంతా నీదే. బ్యాగు వీపుకి తగిలించుకుంటే చొక్కా తడిసి ముద్దే, వెనక క్యారియర్ బిగించి దానికి కట్టెయ్. మడ్‌గార్డులు కూడా అడిగి వేయించుకో, గేర్ సైకిళ్లకి చాలావాటికి రావు. నా మొదటి వానాకాలం నడుం నుంచి మెడ దాకా వీపు మీద బురద గీతతో మీటింగులో కూర్చున్నా, అయిపోయాక గానీ ఒక్కడూ చెప్పలేదు.

గచ్చిబౌలి గాలి:
ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ ఉందిగా బ్రో, 23 కిలోమీటర్లు, పైన ప్యానెళ్ల నీడ కూడా.

మియాపూర్ పెడల్:
2023లో తెరిచినప్పట్నుంచీ వెళ్తున్నా, ఆదివారానికి బంగారం. కానీ అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు, ఇతనికి ఆఫీసు దారిలో తగలదుగా. కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని వస్తారు జనం అక్కడికి, నాకైతే నవ్వొస్తుంది.

బెజవాడ టీచరమ్మ:
మాకు ఎత్తుపల్లాలు తక్కువ, వారధి మీద ఎదురుగాలి కొట్టిందంటే మాత్రం ఎక్కడి పెడల్ అక్కడే. ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ నాది. స్కూటీ మీద ఎప్పుడూ ఆగేదాన్ని కాదు, ఇప్పుడు ఎండాకాలం ముంజలు కనిపిస్తే ఒక కాలు కింద పెట్టి అక్కడే తినేసి పోతున్నా. చున్నీ ఒకసారి వెనక చక్రానికి చుట్టుకుంది, అప్పట్నుంచి నడుముకి ముడే.

కేపీహెచ్‌బీ కుర్రాడు:
పక్కింటి అంకుల్ సైకిల్ అడిగి ఇవాళ వెళ్లొచ్చా. 28 నిమిషాలు! కానీ మోకాళ్లు పట్టేశాయి.

మియాపూర్ పెడల్:
సీటు కిందికుంది. మడమ పెడల్ మీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి, అంత ఎత్తు లేపు. అంకుల్‌కి తిరిగిచ్చేప్పుడు మళ్లీ దించు మరి.